చీనీ ఆకు పసుపెక్కితే వైరస్సేనా?

రైతుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పండ్ల తోటల వైరస్ తెగుళ్ళ గురించే. అందుకని శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలం. నాలుగెకరాల్లో ఏడేళ్ళ చీనీ (బత్తాయి) చెట్లున్నాయి, రంగపూర్ నిమ్మ మీద కట్టిన సాత్‌గుడి అంట్లు. ఈ ఏడు చిగురు వచ్చినప్పటి నుంచి ఆకుల్లో పసుపు మచ్చలు. మందుల అంగడాయన వైరస్ అన్నాడు. పక్క తోటాయన జింకు కొట్టమన్నాడు. ఇంకొకరు గ్రీనింగ్ అన్నారు. పరీక్షకు పంపేలోపు మాకై మేము తేల్చుకునే దారి ఉందా?

జవాబు: ముగ్గురూ నిజమే చెప్పి ఉండవచ్చు. మూడూ ఒకే చెట్టులో ఉన్నా ఆశ్చర్యం లేదు. అందుకే దూరం నుంచి చెట్టును చూసి తేల్చకుండా, ఆకును కోసి చేతిలో పెట్టుకొని చూడండి.

ఆకును ఎండకెదురుగా పట్టి నడిమి ఈనెకు అటు సగం, ఇటు సగం పోల్చండి. పసుపు రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటే పోషక లోపం వైపు మొగ్గాలి. లేత ఆకులు సన్నగా, చిన్నవై, ఈనెల పక్కన పచ్చగా, ఈనెల నడుమ పసుపుగా ఉంటే జింకు. లేత ఆకంతా పాలిపోయి, సన్న ఈనెలు మాత్రం పచ్చని వలలా కనిపిస్తే ఇనుము. ముదురు ఆకులో కాడ దగ్గర తిరగేసిన 'వి' ఆకారంలో పచ్చదనం మిగిలి, చుట్టూ పసుపైతే మెగ్నీషియం. మన సున్నపు నేలల్లో మొదటి రెండూ సర్వసాధారణం.

రెండు సగాలూ పొంతన లేకుండా ఉండి, మచ్చ ఈనెలను లెక్కచేయకుండా వాటి మీదుగా పాకిపోతే గ్రీనింగ్‌ను అనుమానించండి. ఇది ముదిరిన ఆకుల్లో, మొదట ఒకటి రెండు కొమ్మల్లోనే కనిపిస్తుంది. ఆ కొమ్మ కాయను నిలువుగా కోస్తే నడిమి బొడిపె వంకరగా, విత్తనాలు నల్లబడి తాలుగా ఉంటాయి. కాయ తొడిమ వైపు ముందు రంగు తిరిగి, అడుగు పచ్చగానే మిగులుతుంది. గ్రీనింగ్‌కు కారణం వైరస్ కాదు, సిల్లా పురుగు మోసుకొచ్చే బ్యాక్టీరియా. అంగళ్ళలో రెంటినీ కలిపి 'వైరస్' అనేయడంతోనే సగం గందరగోళం మొదలవుతోంది.

మెరిసే పసుపు ముక్కలు ఆకంతా చెదిరినట్టుండి, ఈనెల వెంబడి పసుపు చుక్కలు వరుస కడితే అది సిట్రస్ పసుపు మొజాయిక్ కావచ్చు. ఇది అసలైన వైరస్. 1975లో ఆంధ్రప్రదేశ్ సాత్‌గుడి చెట్లలోనే దీన్ని తొలిసారి నమోదు చేశారు. మినుముకు వచ్చే పల్లాకు తెగులుతో దీనికి చుట్టరికం లేదు. దాన్ని తెల్లదోమ మోస్తుంది, దీన్ని పిండినల్లి, అంటుకు వాడే కన్ను (మొగ్గ) మోస్తాయి. ఇక పేనుబంక మోసే ట్రిస్టిజా అనే ఇంకో వైరస్ ఉన్నా మీ చెట్లలో ఏమీ కనిపించకపోవచ్చు. రంగపూర్ నిమ్మ మీద కట్టిన చీనీ దాన్ని లోపల పెట్టుకొని తిరగగలదు.

జింకు సంగతి తేల్చడానికి ఒక చిన్న పరీక్ష పెట్టండి. పది చెట్లకు కొట్టండి, పక్కనే ఐదు చెట్లు వదిలేయండి. లీటరు నీటికి జింకు సల్ఫేట్ 5 గ్రాములు, మాంగనీసు సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్ ఒక్కొక్కటి 2 గ్రాములు, బోరిక్ ఆమ్లం 1 గ్రాము, యూరియా 10 గ్రాములు, సున్నం 6 గ్రాములు. సున్నాన్ని వేరే బకెట్లో కలిపి, గుడ్డతో వడగట్టి చివర్లో పోయండి. వడగట్టకపోతే నాజిల్ పూడుకుంటుంది. సున్నం మానేస్తే లేతాకు మాడుతుంది. కొత్త ఆకు మూడింట రెండు వంతులు విచ్చుకున్నప్పుడు, సాయంత్రం పూట కొట్టాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. కొట్టాక నెలన్నరకు వచ్చిన కొత్త చిగురును చూసి 'ఇంకా పసుపుగానే ఉంది, కాబట్టి వైరస్' అంటారు. ఆకు మీద పడ్డ జింకు తర్వాతి చిగురులోకి పెద్దగా పోదు. కొట్టిన రోజే కొమ్మకు దారం కట్టి, ఆ దారం కట్టిన ఆకులనే చూడండి. అవి పచ్చబడి, వదిలేసిన ఐదు చెట్ల ఆకులు అలాగే ఉంటే లోపం జింకుదే. పచ్చబడకపోతే పరీక్షకు పంపవచ్చు.

మచ్చలేమీ లేకుండా చెట్టంతా ఒక్కసారిగా వాడి ఎండుతుంటే ఆకు వదిలి వేరు చూడండి. వేరు బెరడు వేళ్ళతో లాగితే ఊడిపోయి, లోపలి కర్ర గోధుమ రంగులో ఉంటే వేరుకుళ్ళు. దానికి వైరస్ పరీక్ష చేయిస్తే డబ్బు దండగ.

ప్రశ్న: గ్రీనింగ్‌కు ఇంట్లోనే అయోడిన్ పరీక్ష చేయవచ్చని వీడియోలో చూశాను. నమ్మవచ్చా? (సింహాద్రిపురం, కడప జిల్లా)

జవాబు: జల్లెడగా వాడుకోవచ్చు, తీర్పుగా వద్దు. గ్రీనింగ్ సోకిన ఆకులో చక్కెర కిందికి దిగే దారి మూసుకుపోయి పిండిపదార్థం పేరుకుంటుంది. అయోడిన్ తగిలితే అది నల్లబడుతుంది.

రెండు సెంటీమీటర్ల చదరపు సన్న గరుకు కాగితంతో ముదిరిన అనుమానపు ఆకు పైభాగాన్ని పది, పదిహేను సార్లు రుద్దండి. ఆ కాగితాన్ని జిప్ సంచిలో వేసి 1 మి.లీ. నీళ్ళు పోసి నలపండి, ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. నీలి నలుపు తిరిగితే పిండి ఎక్కువ ఉన్నట్టు, లేత గోధుమ రంగులోనే ఉంటే లేనట్టు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఆకును కూడా అదే పూట, అలాగే చేసి పక్కన పెట్టుకోకపోతే ఆ రంగుకు అర్థం లేదు. ఆకులు పొద్దున్నే కోయాలి. సాయంత్రానికి మంచి ఆకులో కూడా పిండి చేరుతుంది. కాండం తొలిచే పురుగు పడ్డ కొమ్మ, కట్టిన తీగ బిగుసుకుపోయిన కొమ్మ కూడా నల్లగానే చూపిస్తాయి. పసుపు మొజాయిక్, ట్రిస్టిజాలకు ఈ పరీక్ష పనికిరాదు.

ప్రశ్న: వైరస్ పరీక్షకు నమూనా ఎలా తీయాలి, ఎన్ని చెట్ల నుంచి? పోయినసారి పంపిన ఆకులు కుళ్ళిపోయాయని ల్యాబ్ వాళ్ళు తిప్పి పంపారు. (నార్పల)

జవాబు: పరీక్ష ఫలితం సగం మీ సంచిలోనే తేలిపోతుంది.

ముందు కాలం. ట్రిస్టిజా వైరస్ వేడికి చెట్టులో తగ్గిపోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో తీసిన నమూనా 'లేదు' అని చూపిస్తే నమ్మకండి. వానలు తగ్గి రాత్రులు చల్లబడ్డాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా తీయండి. అప్పుడే విచ్చుకొని, ఇంకా గట్టిపడని ఆకులున్న రెమ్మలు కావాలి.

తర్వాత చోటు. వైరస్ చెట్టంతా సమానంగా పరచుకోదు. నాలుగు దిక్కులా ఒక్కో రెమ్మ కత్తిరించి, చెట్టుకు ఎనిమిది, పది ఆకులు కాడతో సహా తీయండి. ట్రిస్టిజా, గ్రీనింగ్ రెండూ ఆహారం పారే నాళాల్లో ఉంటాయి కాబట్టి ల్యాబ్‌కు కావలసింది కాడ, నడిమి ఈనె. కాడ తుంచేసి ఆకు రేకులు మాత్రమే పంపితే అసలు వస్తువును ఇంట్లో వదిలేసినట్టే. మొజాయిక్ అనుమానమైతే మచ్చ ఉన్న ఆకులనే ఏరండి. గ్రీనింగ్‌కైతే మచ్చ పడిన ముదురాకులు.

ఎన్ని చెట్లు అన్నది లెక్క. పెద్ద తోటలో నూటికి ఐదు చెట్లకు వైరస్ ఉందనుకుందాం. అందులో ఒక్కటైనా మీ చేతికి చిక్కడానికి 95 శాతం భరోసా కావాలంటే, ముందే ఏరుకోకుండా 59 చెట్లు తీయాలి. నూటికి పది ఉంటే 29 చాలు. ఒక్కటే ఉంటే 299 కావాలి. 'ఐదు చెట్లు పంపాం, ఏమీ లేదన్నారు, తోట శుభ్రం' అనడం ఈ లెక్క ముందు నిలవదు. ఖర్చు తగ్గాలంటే ఐదేసి చెట్ల ఆకులు సమానంగా కలిపి ఒక నమూనా చేయమని అడగండి. 60 చెట్లకు 12 నమూనాలవుతాయి. ఏ కలుపు 'ఉంది' అని వస్తే ఆ ఐదింటినీ విడివిడిగా మళ్ళీ పరీక్షిస్తారు. అందుకని ప్రతి చెట్టుకూ రంగు గుర్తు, వరుస సంఖ్య ముందే వేసుకోవాలి. అనుమానంగా కనిపించే చెట్లను ఇందులో కలపకుండా విడిగా పంపండి.

సంచి కట్టడం చూద్దాం. ఆకులు కడగొద్దు. తడి ఆకులు పాలిథిన్‌లో రెండు రోజుల్లో బూజు పడతాయి. మీ నమూనాలు కుళ్ళింది దాదాపు ఖాయంగా ఇందుకే. పొడి ఆకులను పాత పేపరులో చుట్టి జిప్ సంచిలో పెట్టండి. లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ వేయండి, పెన్ను సిరా చెమటకు కరిగిపోతుంది. ఐస్ పెట్టెలో, ఐసు నేరుగా ఆకులకు తగలకుండా మధ్యన మందపాటి అట్ట పెట్టండి. ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టించొద్దు. కరిగినప్పుడు ఆకు నల్లబడి పరీక్షకు పనికిరాదు. మామూలు ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటాయి. శుక్రవారం కొరియర్‌లో వేస్తే ఆదివారం ఏ గోదాములోనో ఎండకు ఉడుకుతాయి. సోమవారం కోసి అదే రోజు పంపండి. బండి డిక్కీలో పెట్టుకొని సంతకు పోయి, అక్కడి నుంచి ల్యాబ్‌కు తీసుకుపోయిన నమూనా వండిన కూరతో సమానం.

చీటీలో మండలం, చెట్టు వయసు, వేరు మొక్క (అంటు కట్టిన కింది మొక్క) ఏది, ఏ మచ్చ చూసి పంపుతున్నారు, ఆఖరుసారి ఏ మందు కొట్టారు అన్నవి రాయండి. పంపేముందు తిరుపతి సిట్రస్ పరిశోధన కేంద్రానికో, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో ఫోన్ చేసి ఏ వైరస్‌కు ఏ పరీక్ష ఎక్కడ చేస్తారో కనుక్కోండి. 'వైరస్ పరీక్ష' అని ఒకటి లేదు. ప్రతి వైరస్‌కూ పరీక్ష వేరు. పేరు చెప్పి అడగాలి.

ప్రశ్న: ఎలైసా రిపోర్టులో మా మూడు చెట్లకు 0.412, 0.236, 0.121 అనీ, ఆరోగ్య నమూనాకు 0.108 అనీ ఉంది. ఇదేం లెక్క? (తాడిమర్రి)

జవాబు: ఎలైసాలో 96 గుంతల ప్లాస్టిక్ పలక ఉంటుంది. ఒక్కో గుంతకు వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీ పూత పూస్తారు. అర గ్రాము కాడలు, ఈనెలను 5 మి.లీ. బఫర్‌లో (ఆమ్లత మారనివ్వని ద్రావణం) నూరి, ఆ రసం పోసి రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కడిగాక ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీ, మళ్ళీ కడిగి రంగు తెచ్చే ద్రావణం. వైరస్ ఉన్న గుంత పసుపెక్కుతుంది. ఆ పసుపు ఎంత చిక్కగా ఉందో 405 నానోమీటర్ల కాంతిలో యంత్రం కొలిచి ఇచ్చేవే ఈ అంకెలు.

అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, ఆరోగ్య నమూనాతో పోల్చాలి. దానికి రెండింతలు దాటితే 'ఉంది' అనే ల్యాబ్‌లున్నాయి, మూడింతలు అడిగేవీ ఉన్నాయి. మీ దాంట్లో రెండింతలంటే 0.216, మూడింతలంటే 0.324. మొదటి చెట్టుకు ఎలా చూసినా ఉంది. మూడోదానికి ఈ నమూనాలో కనబడలేదు. 0.236 వచ్చిన రెండో చెట్టు గట్టు మీద ఉంది. దాన్ని ఇప్పుడే పీకొద్దు, వదిలేయనూ వద్దు. చలికాలంలో మళ్ళీ నమూనా తీసి పీసీఆర్ (వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే పరీక్ష) చేయించండి.

రిపోర్టు మీద రెండు ప్రశ్నలు అడగండి. ఆరోగ్య నమూనా సాత్‌గుడి ఆకేనా, వేరే నిమ్మజాతిదా? ఒక్కో చెట్టుకు రెండేసి గుంతలు పెట్టారా? కడగడం సరిగా జరగకపోయినా, రంగు ద్రావణం పోసి ఎక్కువసేపు వదిలేసినా అన్ని గుంతలూ పసుపెక్కుతాయి. జంట గుంతల అంకెలు ఒకదానికొకటి దూరంగా ఉంటే ఆ పలకను నమ్మలేం.

పీసీఆర్‌కు వేరే తంటా. చీనీ ఆకులోని జిగురు, వగరు పదార్థాలు ఎంజైమును ఆపేస్తాయి, వైరస్ ఉన్నా 'లేదు' అని వస్తుంది. చెట్టు సొంత జన్యువు ఒకదాన్ని కూడా పక్కన పరీక్షిస్తే ఈ మోసం బయటపడుతుంది. అదీ రాకపోతే తప్పు నమూనాది. అప్పుడు డీఎన్‌ఏను పదింతలు పలచన చేసి మళ్ళీ పెట్టించండి, చాలాసార్లు దారికొస్తుంది. పసుపు మొజాయిక్ వైరస్‌ది డీఎన్‌ఏ కాబట్టి నేరుగా పీసీఆర్ చేస్తారు. ట్రిస్టిజాది ఆర్‌ఎన్‌ఏ, దాన్ని ముందు డీఎన్‌ఏగా మార్చుకోవాలి. ఆర్‌ఎన్‌ఏ తొందరగా చెడుతుంది, అందుకే ట్రిస్టిజా నమూనాకు ఐసు విషయంలో అంత పట్టు.

ప్రశ్న: రాజంపేట వైపు నర్సరీల్లో అంట్లు కడతాను. తల్లి చెట్టు పచ్చగా, కాపు బాగుంటే చాలు కదా? కత్తి స్పిరిట్‌తో తుడుస్తాను.

జవాబు: రెండూ చాలవు.

పచ్చగా, గంపలకొద్దీ కాసే చెట్టులోనూ ట్రిస్టిజా ఉండవచ్చు. ఒక తల్లి చెట్టు నుంచి వెయ్యి కన్నులు తీస్తే, ఉన్న వైరస్ వెయ్యి తోటల్లోకి నేరుగా పోతుంది. ఏ పేనుబంకా అంత వేగంగా పంచలేదు. తల్లి చెట్లను ఏటా చలికాలంలో పరీక్ష చేయించి, వాటిని పురుగు దూరని 40, 50 మెష్ నైలాన్ వల కింద పెంచడమే సరైన పద్ధతి. పేరున్న రకంలోనే వైరస్ ఉంటే దాన్ని శుభ్రం చేయడానికి ల్యాబ్‌లో కొనచిగురు అంటు కడతారు. 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల చిగురు మొనను భూతద్దం కింద కోసి, పరీక్ష నాళికలో మొలిచిన నారు మీద పెడతారు. వైరస్ ఆ మొన దాకా సాధారణంగా చేరుకోదు. అలా వచ్చిన మొక్కను కూడా మళ్ళీ పరీక్షించాకే తల్లిగా వాడాలి.

ఇక కత్తి. ఎక్సోకార్టిస్ అనే తెగులుకు కారణం వైరస్ కన్నా చిన్నదైన వైరాయిడ్. దానికి ప్రోటీన్ పొర ఉండదు, సుమారు 371 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ఉంగరం అంతే. పొర లేదు కాబట్టి ఎలైసా దాన్ని పట్టలేదు. ఎలైసాలో 'శుభ్రం' అని వచ్చిన తల్లి చెట్టులో ఇది హాయిగా ఉండవచ్చు, దానికి ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చేయించాలి. రంగపూర్ నిమ్మకు ఇదంటే అసలు పడదు. కొన్నేళ్ళకు అంటు కింద బెరడు పగిలి పొలుసులుగా లేస్తుంది, చెట్టు గిడసబారుతుంది. మన ప్రాంతంలో అంట్లకు వాడేది అదే వేరు మొక్క గనుక దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

ఇది కత్తి మీద ఎండిన రసంలో కూడా బతుకుతుంది. స్పిరిట్‌కు చావదు, మంటకు చూపించినా నమ్మకం లేదు. సోడియం హైపోక్లోరైట్‌కు లొంగుతుంది. 4, 5 శాతం బ్లీచ్ ద్రావణం ఒక పాలు, నీళ్ళు నాలుగు పాళ్ళు కలిపితే దాదాపు 1 శాతం వస్తుంది. రెండు కత్తులు పెట్టుకొని, ఒకటి పని చేస్తుండగా ఇంకోటి అందులో నానుతూ ఉండేలా చూసుకోండి. ప్రతి తల్లి చెట్టుకూ కత్తి మారాలి. ముందు కత్తికంటిన జిగురును గుడ్డతో తుడవాలి, మట్టి, జిగురు ఉంటే బ్లీచ్ పనిచేయదు. ఎండలో దాని సత్తువ పోతుంది కాబట్టి మధ్యాహ్నానికి కొత్తది కలుపుకోవాలి. ఇనుము తుప్పు పడుతుంది, సాయంత్రం నీళ్ళతో కడిగి నూనె రాయండి. కొమ్మలు కత్తిరించే సికేచర్‌కూ ఇదే నియమం. కూలీలు ఒక తోట నుంచి ఇంకో తోటకు తెచ్చే కత్తెర మీద యజమానికి ఓ కన్నుండాలి.

ప్రశ్న: ఉద్యాన డిగ్రీ చదువుతున్నాను, కడప దగ్గర ఒక చీనీ తోటలో వైరస్ వ్యాప్తిని ప్రాజెక్టుగా తీసుకున్నాను. ల్యాబ్ సౌకర్యం తక్కువ. ఎలా చేయాలి?

జవాబు: ల్యాబ్ లేకపోతే నిమ్మ మొక్కే మీ ల్యాబ్. కాగ్జీ నిమ్మ ట్రిస్టిజాకు పాత, నమ్మకమైన సూచిక మొక్క, అంటే వైరస్ తగిలితే లక్షణం చూపి పట్టించేది. ఈ వైరస్ విత్తనం ద్వారా రాదు కాబట్టి గింజ మొక్కలు శుభ్రంగా ఉంటాయి. వల కింద పెంచిన, పెన్సిల్ కన్నా కాస్త సన్నని కాండమున్న మొక్కలు ఒక్కో చెట్టుకు నాలుగు తీసుకోండి. అనుమానపు చెట్టు నుంచి రెండేసి కన్నులు లేదా బెరడు ముక్కలు ప్రతి మొక్కకూ అంటించి పాలిథిన్ పట్టీ చుట్టండి. మూడు వారాలకు విప్పి, అంటు పచ్చగా బతికి ఉంటే మొక్కను పైన కత్తిరించండి. ఒకే చిగురును పెరగనివ్వండి. నవంబరు, డిసెంబరులో మొదలుపెట్టాలి. 18 నుంచి 25 డిగ్రీల మధ్య లక్షణాలు బాగా తేలతాయి, మార్చి దాటితే ఎండకు అణిగిపోతాయి.

లేత ఆకును వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. సన్న ఈనెలు అక్కడక్కడ నూనె తగిలిన కాగితంలా పారదర్శకంగా తునకలు తునకలుగా కనిపిస్తే ట్రిస్టిజా ఉన్నట్టు. ఆరు, ఎనిమిది వారాల్లో తేలుతుంది. ఆకు దొప్పలా ముడుచుకోవచ్చు. చివర్లో కాండం బెరడు ఒలిచి కర్ర మీద సూది గుంతలున్నాయేమో చూడండి. అంటించని మొక్కలు రెండు, శుభ్రమైన చెట్టు కన్ను అంటించినవి రెండు పక్కన లేకపోతే మీ ప్రాజెక్టును పరీక్షకులు పక్కన పెట్టడం న్యాయమే. మొజాయిక్‌కు సాత్‌గుడి గింజ మొక్కలే సూచికలుగా వాడండి.

వ్యాప్తి లెక్కకు గ్రాఫు కాగితం చాలు. ఒక చెట్టుకు ఒక గడి. ప్రతి మూడు నెలలకూ అదే మనిషి, అదే వరుసలో నడిచి గుర్తులు పెట్టాలి. మనిషి మారితే చూపు మారుతుంది. తర్వాత వరుసల వెంబడి పక్కపక్కనే జబ్బుపడిన జంటలను లెక్కపెట్టండి. వరుసలన్నీ ఒకదాని వెనక ఒకటి కలిపిన మొత్తం చెట్లు 112, జబ్బువి 12 అనుకోండి. ఏ సంబంధమూ లేకుండా చెదిరి ఉంటే రావలసిన జంటలు 12ను 11తో గుణించి 112తో భాగిస్తే సుమారు 1.2. మీకు ఐదు జంటలు దొరికితే జబ్బు పక్కచెట్టుకు పాకుతోందన్నమాట. పిండినల్లినీ, కత్తెరనూ అనుమానించండి. 1.2 దగ్గరే ఉండి, నాటిన రెండు మూడేళ్ళకే అంతటా చెదిరి కనిపిస్తే అది నర్సరీ నుంచే వచ్చింది. గట్టు వెంబడి చెట్లకే ఎక్కువైతే బయటి నుంచి ఎగిరొచ్చే పురుగు పని, గ్రీనింగ్‌లో ఇది తరచూ కనిపిస్తుంది.

ప్రశ్న: కర్నూలు జిల్లా కోడుమూరు దగ్గర రెండెకరాల్లో బాదం పెడదామని ఉంది. బయటి దేశపు మొక్కలు తెప్పిస్తామని ఒకరు చెబుతున్నారు. వాటికి వైరస్ భయం ఉంటుందా?

జవాబు: వైరస్ కన్నా ముందు చలి సంగతి. తినే బాదం చెట్టుకు రకాన్ని బట్టి 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితే తప్ప పూత సరిగా రాదు. కర్నూలులో డిసెంబరు, జనవరి రాత్రుల సగటు కూడా 15 డిగ్రీల పైనే. మన వీధుల్లో పెద్ద ఆకులతో ఉండే నాటు బాదం వేరే జాతి, దాన్ని చూసి ధైర్యపడొద్దు. మన దేశంలో బాదం తోటలు కాశ్మీరు వైపే. మా సలహా వద్దనే.

వైరస్ భయం మాత్రం నిజమే. బాదానికి ప్రూనస్ నెక్రోటిక్ రింగ్‌స్పాట్, ప్రూన్ డ్వార్ఫ్, ఆపిల్ మొజాయిక్ అనే వైరస్‌లు సోకుతాయి. మూడూ ఇలార్ వైరస్‌ల గుంపులోవి. మొదటి రెండూ పుప్పొడితో, గింజతో కూడా పోతాయి. బాదం పూతకు తేనెటీగలు తప్పనిసరి కాబట్టి అడ్డుకోవడం కష్టం. బాదం పండే దేశాల్లోనూ చలిగా ఉన్న తొలి వసంతంలోనే మొగ్గలు, పూలు, లేతాకులు పరీక్షకు తీస్తారు, వేసవిలో ఈ వైరస్ దొరకదు. షిరోఫుగెన్ అనే పూల చెర్రీకి అనుమానపు కన్ను అంటిస్తే మూడు నాలుగు వారాల్లో ఆ చోట బంక కారి నల్లబడుతుంది, అది వాళ్ళ కాగ్జీ నిమ్మ. కాలిఫోర్నియాలో నాన్‌పరేల్, కార్మెల్ రకాల్లో మొగ్గలు చచ్చిపోయే ఒక జబ్బు వైరస్‌దే అనిపిస్తుంది, కానీ అది అంటుజబ్బు కాదు, రకంలోనే ఉన్న లోపం వేడికి బయటపడటం. బాదంలోనూ చూపుకు వైరస్ అనిపించినదల్లా వైరస్ కాదు.

ఈ గుంపు రాయలసీమకు కొత్తది కాదు. 2000లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్ళు తెగులుకు కారణమైన టొబాకో స్ట్రీక్ వైరస్ కూడా ఇలారే. మొదట దాన్ని వేరుశనగకు పాత నుంచి వచ్చే మరో వైరస్ తెగులు, మొవ్వుకుళ్ళే అనుకున్నారు. వయ్యారిభామ పుప్పొడిలో ఉండి, తామర పురుగుల మీద ఎక్కి చేలోకి వచ్చింది. ఈ వైరస్ ఉన్న ఆకు రసం గాలికి తొందరగా పాడవుతుంది. అందుకే చల్లని బఫర్‌లో, అలా పాడవకుండా ఆపే మెర్కాప్టోఇథనాల్ కలిపి నూరి, సి-152 రకం అలసంద ఆకుల మీద రుద్దుతారు. మూడు నాలుగు రోజుల్లో గోధుమ మచ్చలు పడతాయి. మొవ్వుకుళ్ళు వైరస్‌కు కూడా ఆ అలసంద మచ్చలు వేస్తుంది, తేడా తేల్చేది ఎలైసా.

విదేశీ మొక్కలు తెప్పించాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు ఆరోగ్య పత్రం, వచ్చాక విడిగా ఉంచి గమనించడం తప్పనిసరి. ఇవేవీ లేకుండా సంచిలో తెచ్చిస్తానన్నవాడికి అడ్వాన్సు ఇవ్వకండి.

ప్రశ్న: వైరస్ తగిలిన చీనీ చెట్టుకు మందుందా? పీకాల్సిందేనా? (వేంపల్లె)

జవాబు: మందు లేదు. 'వైరస్ క్లీన్' లాంటి పేర్లతో అమ్మేవి కొంటే పచ్చదనం కాస్త పెరగొచ్చు. అది అందులోని పోషకాల పుణ్యం.

పీకడం జబ్బును బట్టి. పసుపు మొజాయిక్ తేలిన చెట్టు తోటలో ఒకటి రెండే ఉంటే, ఐదేళ్ళ లోపుదైతే, పీకేయండి. పీకే ముందు పిండినల్లికి మందు కొట్టండి, లేకపోతే కొమ్మలు లాగేటప్పుడు అవి పక్క చెట్ల మీదికి దిగుతాయి. చీమల పుట్టలు కూడా చూసుకోండి, పిండినల్లిని చెట్టుచెట్టుకూ చేరవేసేవి చీమలే. చెట్టు మీద బంగారు తీగ అల్లుకుని ఉంటే దాన్ని కూడా తీసి కాల్చండి, అది రెండు చెట్లను కలిపే గొట్టం లాంటిది. కాపులో ఉన్న పాత చెట్టులో ట్రిస్టిజా ఒక్కటే ఉండి, లక్షణం ఏమీ లేకపోతే పీకనక్కర్లేదు. దాని కన్నులు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, పక్కన నిమ్మ తోట పెట్టకండి. నిమ్మ దాన్ని తట్టుకోలేదు.

పీకిన గుంతలో మళ్ళీ చీనీ నాటవచ్చు. ఈ వైరస్‌లు మట్టిలో ఉండవు. పాత వేళ్ళు మాత్రం ఏరేయండి, వాటి నుంచి లేచే రంగపూర్ నిమ్మ పిలకలు వైరస్‌ను దాచుకుంటాయి.